మడమ నరానికి తొందర లేదు

పోలీసు నోటిఫికేషన్ పడిందన్న మాట చాలు, వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో తెల్లవారక ముందే మైదానాలు నిండిపోతాయి. అక్కడ చోటు దొరకనివాళ్ళు చెరువు కట్టల మీద, బైపాస్ రోడ్ల అంచున పరుగులు తీస్తుంటారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకండ్లలో, ఆడవాళ్ళు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకండ్లలో ముగించాలన్న నియమం పెట్టారు. మగవాళ్ళకైతే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 108 సెకండ్లకు కాస్త పైన. అగ్నివీర్‌గా సైన్యంలో చేరాలనుకునేవాళ్ళు ఇదే దూరాన్ని 5 నిమిషాల 30 సెకండ్లలో ముగిస్తే గానీ పూర్తి మార్కులు రావు. చదువు ఎంత బాగా సాగినా ఈ ‘ఈవెంట్స్’ దగ్గర బోల్తా పడితే తుది రాతపరీక్ష హాలు మొహం చూడనక్కర్లేదు.

ఇక వాళ్ళ కాళ్ళ వైపు చూడండి. ఒకరికి మడమ కింద రెండు వేళ్ళ మందాన మెత్త ఉన్న రన్నింగ్ షూ. పక్కవాడికి బడిలో పీటీ పీరియడ్‌కు వేసుకునే తెల్ల కాన్వాస్ షూ, దాని రబ్బరు అడుగు చిటికెనవేలి మందం కూడా ఉండదు. ఇంకొకరివి వట్టి కాళ్ళు. ఈమధ్య నాలుగో రకం కూడా కనిపిస్తోంది. ఫోన్‌లో వీడియోలు చూసి, బేర్‌ఫుట్ షూ అనో మినిమలిస్ట్ షూ అనో తెప్పించుకున్న పల్చటి బూట్లు. బరువు ఉండవు, కాలు తేలిగ్గా లేస్తుంది, రౌండుకు రెండు మూడు సెకండ్లు కలిసొచ్చినట్టు అనిపిస్తుంది. మొదటి వారమంతా హుషారే. రెండో వారానికో మూడో వారానికో మాట మారుతుంది.

“అన్నా, మడిమె మీద నరం గుంజుతున్నది. పొద్దుగాల లేసినప్పుడు కాలు కింద పెట్టనిస్తలేదు. జెర నడిస్తే సర్దుకుంటది. మళ్ల తెల్లారితే అదే కత.”

వైద్యుడు అడగబోయే ప్రశ్నలకు జవాబులన్నీ ఈ నాలుగు ముక్కల్లోనే ఉన్నాయి. నొప్పి పొద్దున ఎక్కువ, కదిలితే తగ్గుతుంది, మర్నాడు తిరిగొస్తుంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. మడమ ఎముక మీది నుంచి పైకి మూడు నాలుగు వేళ్ళు కొలిచి, అక్కడ గట్టిగా తగిలే పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కితే కుర్రాడు ‘అబ్బా’ అని కాలు లాక్కుంటాడు. రెండో కాలితో పోల్చి చూస్తే ఆ చోట కొంచెం లావెక్కినట్టు వేలికి తెలుస్తుంది. కొందరిలో పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తే వేళ్ళ కింద సన్నగా గరగరమంటుంది కూడా. ఆ పట్టీ పేరే అకిలిస్ టెండన్. మడమకు పైన 2 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య దానికి రక్తం సరఫరా తక్కువ. నొప్పి ఎక్కువ మందికి సరిగ్గా అక్కడే వస్తుంది.

తప్పు షూదేనని కొందరంటారు, వాడకం తెలియని కుర్రాడిదేనని ఇంకొందరు. నన్నడిగితే ఇద్దరిదీ కాదు. గొడవంతా గడువుల మధ్య ఉంది. ఊపిరితిత్తులు వారాల్లో దారికొస్తాయి, కండ నెల రెండు నెలల్లో బలపడుతుంది, టెండన్‌కు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. నోటిఫికేషన్ తేదీకీ ఈవెంట్స్ తేదీకీ మధ్య ఉండే కాలం మొదటి రెండింటికీ సరిపోతుంది, మూడోదానికి చాలదు.

పిక్క, పట్టీ, మడమ

పిక్కలో ముఖ్యంగా రెండు కండలున్నాయి. పైకి కనిపించే ఉబ్బు ఒకటి, అది మోకాలి పైనుంచే మొదలవుతుంది. దాని కింద దాక్కున్న వెడల్పాటి సోలియస్ రెండోది. పరుగులో ఎక్కువ బరువు మోసేది ఆ కనిపించని సోలియసే. రెండూ కిందికొచ్చేసరికి ఒక్కటై, అకిలిస్ టెండన్‌గా మారి మడమ ఎముకను పట్టుకుంటాయి. గద్వాల చీరలో ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. గుణం వేరైన రెండు దారాలు ఒకే బట్టగా కలిసిపోతాయి. పిక్కా టెండనూ అంతే. కండ మెత్తన, తనంతట తాను ముడుచుకుంటుంది, రక్తం పుష్కలం. టెండన్ గట్టి కొల్లాజెన్ పోగుల కట్ట, తనంతట తాను ముడుచుకోలేదు, లాగితే కొద్దిగా సాగి వెనక్కి వస్తుంది.

ఆ సాగడంలోనే మన పరుగు గుట్టంతా ఉంది. పాదం నేలకు ఆనినప్పుడు టెండన్ సాగి శక్తిని దాచుకుంటుంది, కాలు ఎత్తేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. జంతువుల నడకల మీద జీవితమంతా పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1987లో ‘నేచర్’ పత్రికలో దీని లెక్క చెప్పారు. పరుగులో ఒక్కో అడుగుకు చేతులు మారే శక్తిలో దాదాపు 35 శాతం అకిలిస్ టెండన్‌లో, 17 శాతం పాదం వంపులో దాగి తిరిగొస్తుందని వాళ్ళ అంచనా. సగానికి పైగా శక్తి కండ ఖర్చు లేకుండా వస్తోందన్నమాట. మనకు అతి దగ్గరి చుట్టమైన చింపాంజీకి ఈ టెండన్ దాదాపు లేనట్టే, కండ మడమ దాకా దిగిపోయి ఉంటుంది. మనిషిని దూరాలు పరుగెత్తే జంతువుగా మలచిన మార్పుల్లో పొడవాటి అకిలిస్ ఒకటని బ్రాంబుల్, లీబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2004లో వాదించారు.

ఈ సౌకర్యం ఊరికే రాలేదు. పరుగులో ప్రతి అడుగుకూ ఈ పట్టీ మీద శరీర బరువుకు 6 నుంచి 8 రెట్ల లాగుడు పడుతుంది. 60 కిలోల మనిషికి అది 360 నుంచి 480 కిలోలు. 1,600 మీటర్లు పూర్తయ్యేసరికి ఒక్కో కాలు ఆరు వందల సార్లకు పైగా నేలకు తగులుతుంది. పొద్దున రెండు సార్లు, సాయంత్రం ఒకసారి దూరం కొట్టేవాళ్ళ సంగతి మీరే లెక్కేసుకోండి.

పది మిల్లీమీటర్ల కథ

మామూలు రన్నింగ్ షూలో మడమ కింది మందం, వేళ్ళ కింది మందం కంటే 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఎక్కువ. ఈ తేడాను పరుగెత్తేవాళ్ళు ‘డ్రాప్’ అంటారు. 1970లలో అమెరికాలో జాగింగ్ పిచ్చి పట్టినప్పటి నుంచి ఇది మామూలైపోయింది. మినిమలిస్ట్ షూలో డ్రాప్ సున్నా, లేదంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు. అడుగు పల్చన, మడిస్తే మడుచుకుంటుంది, మడమను కదలకుండా పట్టి ఉంచే గట్టి గోడ ఉండదు.

వేలిగోరంత వెడల్పు లేని ఈ తేడా రెండు పనులు చేస్తుంది. మొదటిది, మడమ ప్రతి అడుగులోనూ మునుపటికన్నా అంత కిందికి దిగాలి, కాబట్టి టెండన్ అంత ఎక్కువ సాగాలి. రెండోది మరీ ముఖ్యం. మడమ కింద మెత్త లేనప్పుడు మడమను నేలకేసి కొట్టుకోవడం నొప్పి గనక చాలామంది తెలియకుండానే పాదం ముందు భాగాన్ని మొదట ఆన్చడం మొదలుపెడతారు. అప్పుడు మడమ ఒక్కసారిగా కూలకుండా పిక్క దాన్ని బిగపట్టి నెమ్మదిగా దించాలి. కండ సాగుతూనే బిగపట్టే ఈ పని పిక్కకు అన్నిటికన్నా శ్రమ. సలేశ్వరం జాతరకు వెళ్ళి నల్లమల లోయలోకి దిగి ఎక్కినవాళ్ళకు మర్నాడు పిక్కలు ఎలా పట్టేస్తాయో గుర్తుంటుంది.

హార్వర్డ్‌కు చెందిన అదే డేనియల్ లీబర్‌మన్, సహచరులు 2010లో ‘నేచర్’లో కెన్యా పరుగుగాళ్ళతో సహా పలువురి మీద చేసిన పరిశీలనలు ప్రచురించారు. ఎప్పుడూ వట్టి కాళ్ళతో పరుగెత్తేవాళ్ళు ఎక్కువగా పాదం ముందు భాగం ఆన్చుతున్నారనీ, మడమతో దిగే షూ ధారులకు మొదట్లో తగిలే దెబ్బ వీళ్ళకు దాదాపు లేదనీ అందులో తేలింది. లోకమంతా ఈ ఒక్క ముక్కనే పట్టుకుంది. దెబ్బ లేదంటే గాయం లేదనుకున్నారు. నిజానికి భారం మాయం కాలేదు, చోటు మార్చుకుంది. మోకాలికి తగ్గింది పిక్కకూ మడమకూ చేరింది. 2013లో మరో పరిశోధన బృందం ఈ మార్పును కొలిచింది. మడమతో కాక పాదం ముందు భాగంతో దిగినప్పుడు ఒక్కో అడుగుకు టెండన్ మోసే మొత్తం భారం 11 శాతం పెరిగింది, భారం పడే వేగం 15 శాతం పెరిగింది. మైలు పరుగుకు అది దాదాపు 48 శరీర బరువుల అదనపు మోత అని వాళ్ళు లెక్కగట్టారు. మన 1,600 మీటర్లు అంటే మైలుకు తొమ్మిది మీటర్లు తక్కువ.

వట్టి కాళ్ళతో పరుగెత్తితే అందరూ ముందరి పాదమే ఆన్చుతారన్నది కూడా పూర్తి నిజం కాదు. ఉత్తర కెన్యాలో చెప్పులెరగని దాసనాచ్ అనే తెగవాళ్ళను పరిశీలిస్తే, వాళ్ళకు నచ్చిన నింపాది వేగంలో 72 శాతం అడుగులు మడమతోనే పడ్డాయి. వేగం పెంచితేనే ముందరి పాదం పని పెరిగింది. కాబట్టి ‘ప్రకృతి సిద్ధమైన పరుగు’ ఇదీ అని వీడియోల్లో ఘంటాపథంగా చెప్పేవాళ్ళ మాట కొంచెం అనుమానంతోనే వినాలి.

మనకూ ఆ బాధ ఉందా?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అమెరికా వాళ్ళు పుట్టినప్పటి నుంచీ బూట్లలో పెరుగుతారు, వాళ్ళకు పల్చటి షూ కొత్త. నడిగడ్డ పల్లెల్లో పత్తి చేలల్లో వట్టి కాళ్ళతో తిరిగినవాడికి, హవాయి చెప్పులు తప్ప ఎరగనివాడికి కొత్తేముంది? హవాయి చెప్పు డ్రాప్ కూడా సున్నాయే కదా. వనపర్తి పక్కనే కురుమూర్తి జాతరలో స్వామివారి తోలు ఉద్దాలకు ఊరేగింపు జరుగుతుంది. వడ్డెమాన్‌లో తయారయ్యే ఆ పాదరక్షలకు కూడా ఎత్తు మడమ లేదు. చెప్పుకు దండం పెట్టే నేలలో పుట్టి మడమ నొప్పి ఏమిటి?

పాదం విషయంలో ఈ వాదన నిజమే, దానికి సాక్ష్యం కూడా మన దక్షిణాదిలోనే దొరికింది. యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు వైద్యులు కర్ణాటకలో 2,300 మంది పిల్లల అరికాలి ముద్రలు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదరక్షలు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వేసుకోనివాళ్ళలో 2.8 శాతం మందికే ఉన్నాయి. 2009లో బెల్జియం పరిశోధకులు దక్షిణ భారతంలో వట్టి కాళ్ళతో నడిచేవాళ్ళ పాదాలను కొలిచారు. అవి వెడల్పుగా ఉన్నాయి, ఒత్తిడిని ఒకచోట కాక పాదమంతటా సమంగా పంచుకుంటున్నాయి. గొంతుక్కూర్చునే అలవాటు వల్ల మన చీలమండలు ముందుకు బాగా వంగుతాయన్నది కూడా మేలే.

కానీ అకిలిస్‌కు కావలసింది వంగడం ఒక్కటే కాదు, పదే పదే పెద్ద భారాన్ని ఓర్చుకోవడం. చేను దున్నేవాడూ కలుపు తీసే ఆమే రోజంతా నడుస్తారు. పరుగులో టెండన్ మీద పడే భారం నడకలో పడేదానికన్నా ఎంతో ఎక్కువ, పైగా చకచకా పడుతుంది. ఎన్ని మైళ్ళు నడిచినా పరుగు భారానికి అలవాటు కాదు. ఇక ఇప్పటి కుర్రాళ్ళలో చాలామంది హాస్టల్‌లో చదివారు, బైకు మీద తిరిగారు, తర్వాత హైదరాబాదులో కోచింగ్ గదిలో రెండేళ్ళు కూర్చున్నారు. ఊరి కాళ్ళు తమకు ఉన్నాయని నమ్ముతారు గానీ అవి అప్పటికే పట్నం కాళ్ళు. మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆదివారం పరుగుకు పల్చటి షూ కొన్న పాలమూరు వాళ్ళదీ ఇదే పరిస్థితి, పైన పదేళ్ళ వయసు, పది కిలోల బరువు అదనం. ఎత్తు మడమ చెప్పులు అలవాటైన ఆడవాళ్ళకు ఇంకో చిక్కు. ఏళ్ళ తరబడి అవి వేసుకున్నవాళ్ళ పిక్క కండ పోగులు సగటున 13 శాతం పొట్టిబడ్డాయని, టెండన్ బిరుసెక్కిందని 2010లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఒక్కరోజులో చదును షూలోకి దిగితే లాగుడంతా అక్కడే.

ఒక మోజు, దాని ఖర్చు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా రాళ్ళు పరిచిన వీధుల్లో వట్టి కాళ్ళతో మారథాన్ పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకండ్లలో గెలిచాడు. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో షూ వేసుకుని అంతకన్నా మూడు నిమిషాలు ముందే ముగించాడు. బేర్‌ఫుట్ ప్రచారకులు రెండో సంగతి చెప్పరు. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం నడిపిన భారత ఫుట్‌బాల్ జట్టు 1952 హెల్సింకీలో ఎక్కువమంది వట్టి కాళ్ళతోనే ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అప్పటి ఆటగాళ్ళు చేసింది ఇప్పటివాళ్ళు చేసేదానికి తలకిందులు.

కొత్త మోజు 2009లో మొదలైంది. మెక్సికో కొండల్లో టైరు ముక్కల చెప్పులతో పరుగెత్తే తారాహుమారా ప్రజల మీద క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన పుస్తకం అమెరికాలో విపరీతంగా అమ్ముడైంది. వేళ్ళు విడివిడిగా ఉండే వైబ్రామ్ ఫైవ్‌ఫింగర్స్ షూలు కోట్లలో వ్యాపారం చేశాయి. పాదాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి అన్న ప్రచారానికి ఆధారాలు లేవని కొనుగోలుదారులు కోర్టుకెక్కితే, తప్పు ఒప్పుకోకుండానే ఆ కంపెనీ 2014లో 37.5 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. అంతకు ముందే, 2013లో, అమెరికా పరిశోధకులు 36 మంది పరుగుగాళ్ళను పది వారాలు గమనించారు. పల్చటి షూలోకి మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో నీరు చేరడం పెరిగినట్టు ఎమ్మారై స్కాన్లలో కనిపించింది. వాళ్ళంతా చెప్పిన పద్ధతిలో మెల్లగా మారినవాళ్ళే. పది వారాలు మెల్లగా అంటే సరిపోదని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు మరో అధ్యయనంలో పూర్తి పల్చటి షూ వేసుకున్నవాళ్ళు పిక్క, ముంగాలు నొప్పులు ఎక్కువగా చెప్పారు.

అణుబాంబు రాసిపెట్టిన లెక్క

టెండన్ ఇంత నిదానమెందుకు? దీనికి జవాబు వెతికిన పరిశోధన నాకు తెలిసిన వాటిలో అతి చిత్రమైనది.

1950ల నడిమి నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు ఆరుబయట వరసగా అణు పరీక్షలు జరిపాయి. వాటి వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందం తర్వాత పరీక్షలు భూమి కిందికి పోయాయి, గాలిలో ఆ కార్బన్ ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోది మొక్కల్లోకి, మొక్కల్లోది మన కంచంలోకి, కంచంలోది ఒంట్లోకి చేరుతుంది. కాబట్టి శరీరంలో ఏ భాగం ఏ సంవత్సరం తయారైందో దానిలోని కార్బన్-14 మోతాదే చెబుతుంది.

కోపెన్‌హేగన్ శాస్త్రవేత్తలు కటియా హైనెమయర్, మైకేల్ కెయర్, సహచరులు 28 మంది మృతుల అకిలిస్ టెండన్ల నడిమి భాగాన్ని ఇలా పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. కండలో కార్బన్ ఎప్పటికప్పుడు కొత్తదవుతోంది. టెండన్ నడిమి భాగంలో మాత్రం ఆ మనిషి తొలి 17 ఏళ్ళలో గాలిలో ఎంత ఉందో అంతే ఉంది. ఎదుగుదల ఆగాక ఆ భాగం దాదాపు కొత్తగా కట్టుకోలేదు. నలభై ఏళ్ళ మనిషి పరుగెత్తేది పదో తరగతి నాటి టెండన్ మీదే.

అలాగని టెండన్ మొద్దు రాయి కాదు. శిక్షణ ఇస్తే గట్టిపడుతుంది, కొంత మందమవుతుంది. కానీ ఆ మార్పు కొలతకు అందేసరికి మూడు నెలలు దాటుతుంది. అప్పటికి పిక్క కండ ఎప్పుడో బలపడి, కొత్త బలంతో పాత పట్టీని లాగుతూ ఉంటుంది. నొప్పి సాధారణంగా మొదటి రోజు కాకుండా రెండో వారంలోనో నాలుగో వారంలోనో రావడానికి కారణం ఇదే. పదిహేడేళ్ళ లోపు కబడ్డీ, ఖోఖో, బడి పరుగు పందేల్లో తిరిగినవాళ్ళకు టెండన్ గట్టిగా కట్టుకుని ఉంటుందని దీన్నిబట్టి ఊహించవచ్చు. అది ఊహే గానీ, పిల్లలకు ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చే బడులు ఒకసారి ఆలోచించదగ్గ ఊహ.

ఇంకో చిన్న లెక్క. పరుగు తర్వాత టెండన్‌లో కొల్లాజెన్ కూలడం, కట్టడం రెండూ పెరుగుతాయి. మొదటి 24 నుంచి 36 గంటల్లో కూలేదే ఎక్కువ. ఆ తర్వాత మూడో రోజు దాకా కట్టేది పైచేయి అవుతుంది. మన ఊళ్ళలో ఈవెంట్స్ ప్రాక్టీస్ అంటే రోజూ, అందులోనూ రెండు పూటలా. కట్టుకునే గంటలు వచ్చేలోపే మళ్ళీ కూల్చే పని మొదలవుతోంది. రోజు విడిచి రోజు గట్టి పరుగు పెట్టుకుంటే వెనకబడిపోతామన్న భయం మైదానాల్లో ఎక్కువ. టెండన్ దృష్టిలో ఆ విరామమే సగం శిక్షణ.

నొప్పి పట్టాక

ఈ నొప్పికి నేడు వాడుకలో ఉన్న వ్యాయామం వెనక ఒక కథ చెబుతారు. స్వీడన్‌లో ఉమియో పట్టణపు ఎముకల వైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ కూడా పరుగుగాడే. తన అకిలిస్ నొప్పికి ఆపరేషన్ చేయమని పై అధికారిని అడిగితే, నువ్వు సెలవులో ఉంటే ఇక్కడ పని ఎవరు చేస్తారని ఆయన కాదన్నాడట. అయితే తెగేదాకా లాగుతానని ఆల్ఫ్రెడ్‌సన్ బరువు మోస్తూ నొప్పిగా ఉన్న కాలి మడమను మెట్టు అంచు కిందికి దించడం మొదలుపెట్టాడు. టెండన్ తెగలేదు, నొప్పి పోయింది. 1998లో ఆయన బృందం 15 మంది పరుగుగాళ్ళకు ఇదే నేర్పింది. 12 వారాల తర్వాత 15 మందీ పరుగులోకి తిరిగి వచ్చారు.

పద్ధతి తేలిక. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం ఆన్చి నిలబడాలి, పట్టుకోవడానికి గోడో గ్రిల్లో ఉండాలి. బాగున్న కాలితో మునివేళ్ళ మీదికి లేచి, బరువు నొప్పి కాలి మీదికి మార్చి, మడమను నెమ్మదిగా మెట్టు మట్టం కన్నా కిందికి దించాలి. పదిహేను చొప్పున మూడు విడతలు మోకాలు చాపి, మూడు విడతలు కాస్త వంచి. వంచినప్పుడే సోలియస్‌కు పని. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. తేలికైపోతే వీపు మీద బ్యాగులో బియ్యమో పుస్తకాలో వేసుకోవాలి. జిమ్ ఉన్నవాళ్ళకు వారానికి మూడు సార్లు ఎక్కువ బరువుతో నిదానంగా మడమలెత్తడం కూడా అంతే ఫలితమిస్తుందని 2015లో డెన్మార్క్ పరిశోధన చూపింది. రెండు పూటల బాధ్యత మోయలేనివాళ్ళు నిజానికి ఇదే ఎక్కువగా పూర్తిచేస్తారు.

ఒక్క హెచ్చరిక. నొప్పి మడమకు మూడు వేళ్ళ పైన కాక, సరిగ్గా మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మెట్టు కిందికి దించకూడదు. అక్కడ టెండన్ ఎముకకు ఒత్తుకుని బాధ పెరుగుతుంది. వాళ్ళు చదును నేల మీదే మడమలెత్తాలి, గోడకు చేతులానించి పిక్కలు లాగే వ్యాయామం కూడా కొన్నాళ్ళు మానాలి.

పరుగు పూర్తిగా ఆపాలా అంటే, చాలామందికి అక్కర్లేదు. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలిస్తే 5 దాటకుండా, మర్నాటి పొద్దుటికి పెరగకుండా ఉన్నంత వరకూ పరుగు కొనసాగించవచ్చని స్వీడన్‌లోనే 2007లో జరిగిన ప్రయోగం తేల్చింది. పొద్దున మొదటి పది అడుగుల బిగువును రోజూ గమనించుకుంటే అదే కొలబద్ద. నిన్నటికన్నా ఎక్కువ ఉంటే నిన్నటి పని ఎక్కువైందన్నమాట. కొన్నాళ్ళు పాత షూకు మారడం, లేదా షూలో మడమ కింద సెంటీమీటరు మందం అట్ట పెట్టుకోవడం పరాజయం కాదు. ఎత్తు పల్లాల రోడ్డు, స్పైక్స్, చిన్న దూరాల వేగపు పరుగులు మాత్రం ఆపేయాలి.

మన దగ్గర ఇంతకన్నా పెద్ద ప్రమాదాలు రెండున్నాయి, రెండూ సూదీ మందులవే. ఈవెంట్స్ దగ్గరపడితే నొప్పి సూది వేయించుకుని పరుగెత్తడం ఊళ్ళలో మామూలు. నొప్పి మరిపిస్తే టెండన్ ఇచ్చే ఒకే ఒక్క హెచ్చరిక పోతుంది. అందులో స్టెరాయిడ్ సూది నేరుగా టెండన్‌లోకి వేస్తే అది బలహీనపడి తెగే అవకాశం కూడా ఉంది. రెండోది చాలామందికి తెలియదు. జ్వరానికో విరేచనాలకో చీటీ లేకుండా కొనేసే సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ అకిలిస్‌ను దెబ్బతీయగలవు. అమెరికా ఔషధ సంస్థ 2008లోనే వాటి పెట్టెల మీద పెద్ద అక్షరాల హెచ్చరిక పెట్టించింది. పరుగు సాధనలో ఉన్నవాళ్ళు ఆ సంగతి వైద్యుడికి చెప్పి వేరే మందు అడగాలి.

పరుగులో ఉండగా మడమ వెనక ‘టప్’మని, ఎవరో తన్నినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే అది టెండన్ తెగిన గుర్తు. బోర్లా పడుకోబెట్టి పిక్కను చేత్తో పిసికి చూడాలి. మామూలుగా పాదం కిందికి ఆడుతుంది. ఆడకపోతే ఆ రోజే ఆస్పత్రికి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి కాబట్టి ఎముకల వైద్యుడి కోసం మునుపటిలా కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తనక్కర్లేదు.

ఇక పల్చటి షూలోకి మారాలని మనసు పడ్డవాళ్ళ సంగతి. మొదట ఇంట్లో, బజారులో నడకకు వాడాలి. తర్వాత వారంలో రెండు మూడు సార్లు, చివరి రౌండు మాత్రమే వాటితో. మొత్తం పరుగులో పదో వంతుతో మొదలుపెట్టి, పొద్దుటి బిగువు చూసుకుంటూ రెండు వారాలకోసారి కొద్దిగా పెంచితే పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడుతుంది. బరువైనవాళ్ళకు ఇంకా ఎక్కువ. ఈలోపు మెట్టు మీద మడమ వ్యాయామం నొప్పి లేకపోయినా చేయాలి. ఒంటి కాలి మీద మడమ ఎత్తడం పాతిక సార్లు వరసగా రాని కాలికి పల్చటి షూ తొందర. నోటిఫికేషన్ ఇప్పటికే పడి ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. ఏ షూతో సాధన మొదలైందో ఆ షూతోనే ఆ నాలుగు రౌండ్లూ కొట్టాలి. 7 నిమిషాల 15 సెకండ్ల గడువులో షూ బరువుతో కలిసొచ్చే సెకండ్లు చాలా తక్కువ. పల్చటి షూ మోజు ఉద్యోగంలో చేరాక తీర్చుకోవచ్చు.